కాలు తిమ్మిరెక్కిందని ఇంగ్లీషులో చెప్పడం ఎలా?

పలాస ప్యాసింజరులో తలుపు పక్కన గొంతుక్కూర్చుని వచ్చి, ఆమదాలవలసలో దిగి, శ్రీకాకుళంలోని మా ఇంగ్లీషు తరగతికి కుంటుతూ చేరిన ఒక విద్యార్థి "మై లెగ్ నంబ్డ్, సర్" అన్నాడు. అంత చిన్న వాక్యంలో రెండు పొరపాట్లున్నాయి. ఒకటి ఉచ్చారణది, రెండోది వ్యాకరణానిది.

ఉచ్చారణ సంగతి త్వరగా తేలిపోతుంది. ఎన్, యు, ఎమ్, బి అక్షరాలతో రాసే ఈ మాటలో చివరి 'బి' పలకదు కనుక 'నమ్', 'నమ్డ్', 'నమింగ్' అనాలి. 'మరింత మొద్దుబారిన' అనే అర్థంలో 'నమర్' అని రాస్తే, ఆ అక్షరాలే అంకెను సూచించే 'నంబర్'కూ సరిపోతాయి. కాబట్టి చదివేవారు తికమకపడకుండా 'మోర్ నమ్' అని రాయడం మేలు.

వ్యాకరణం దగ్గర కొంత ఆగాలి. తెలుగులో 'మొద్దుబారు' వేరు, 'మొద్దుబార్చు' వేరు. వేళ్లు వాటంతట అవి మొద్దుబారతాయి. చలి వాటిని మొద్దుబారుస్తుంది. ఇంగ్లీషు క్రియ 'నమ్' సాధారణంగా రెండో దానికే సమానం, అంటే దానికి ఒక కర్తా, ఆ కర్త వల్ల స్పర్శ పోగొట్టుకున్న ఒక కర్మా ఉండాలి. 'ద కోల్డ్ నమ్డ్ మై ఫింగర్స్' అన్న వాక్యంలో చలి కర్త, వేళ్లు కర్మ. మా విద్యార్థి తన కాలినే కర్తగా నిలబెట్టాడు. అది తెలుగు వాక్యానికి తగిన పద్ధతి. అతను చెప్పదలచుకున్నదానికి 'మై లెగ్ హాజ్ గాన్ నమ్' సరైన వాక్యం. ఇక్కడ 'నమ్' క్రియ కాదు, విశేషణం. ఇంగ్లీషువారు ఇదే సందర్భంలో కాలు నిద్రపోయిందని కూడా అంటారు.

ఈ కర్త పట్టింపు ఎందుకో మాట పుట్టుకను చూస్తే బోధపడుతుంది. ప్రాచీన ఇంగ్లీషులో 'తీసుకొను, పట్టుకొను' అనే అర్థమిచ్చే 'నిమన్' అనే క్రియ ఉండేది. జర్మన్‌లో దాని తోబుట్టువు 'నేమెన్' ఇప్పటికీ వాడుకలో ఉంది. ఆ క్రియ నుంచి వచ్చిన 'పట్టుకోబడిన' అనే రూపమే 'నమ్'. పలకని ఆ 'బి' తరువాతి కాలంలో వచ్చి చేరింది. మనం నడుము పట్టేసిందనీ, మెడ పట్టేసిందనీ అంటాం కదా, ఊహ ఇంచుమించు అదే. కనుక ఈ క్రియను వాడే ముందు 'పట్టినది ఏది?' అని వేసుకునే ప్రశ్నకు జవాబు దొరికితే, దాన్ని కర్తగా పెట్టండి, లేదా 'వర్ నమ్డ్ బై ద కోల్డ్' అన్నట్టు 'బై' తరువాత పెట్టండి. జవాబు లేకపోతే విశేషణంతో సరిపెట్టుకోండి.

అర్థంలోనూ ఒక చిక్కుంది. మన 'తిమ్మిరి'లో స్పర్శ తెలియకపోవడం, చీమలు పాకినట్టు జివ్వుమనడం రెండూ కలిసే ఉంటాయి. ఇంగ్లీషులో మొదటిది 'నమ్‌నెస్', రెండోది 'టింగ్లింగ్'. వైద్యుడికి ఇంగ్లీషులో చెప్పుకోవలసి వస్తే ఈ తేడా పాటించడం అవసరం. 'మత్తు' సంగతీ అంతే. పన్ను తీసేముందు చిగురుకు లిగ్నోకెయిన్ సూది వేస్తే 'ద డెంటిస్ట్ నమ్డ్ మై గమ్' అనవచ్చు. స్వీడన్‌లో 1943లో తయారైన ఆ మందు తెలివి పోగొట్టదు, సూది వేసిన చోట నొప్పిని మాత్రం తెలియనివ్వదు. మనిషిని పూర్తిగా స్పృహ తప్పించే మత్తుకు ఈ క్రియ పనికిరాదు.

మనసు విషయంలో ఈ మాట దుఃఖపు తీవ్రతను కాదు, దుఃఖం కూడా తెలియని స్థితిని చెబుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలోని కొబ్బరి, జీడిమామిడి తోటలను కూల్చివేసిన మరునాడు ఏడుపైనా రాక నిలబడిపోయిన రైతు గురించి 'హీ వాజ్ నమ్డ్ బై ద లాస్' అనడం సరిగ్గా ఒప్పుతుంది. వెక్కివెక్కి ఏడుస్తున్నవారికి ఆ మాట ఒప్పదు. ఇదే అర్థంలో 'బినమ్' అనే క్రియ కూడా ఉంది గాని, అది పుస్తకాల భాష. సంభాషణలో వాడితే కృతకంగా వినిపిస్తుంది.

'మైండ్-నమింగ్' అనే సమాసం మాత్రం దుఃఖానికి సంబంధించినది కాదు; విసుగు పుట్టించి బుర్రను మొద్దుబార్చే పనికి వాడే విశేషణం. రోజంతా జీడిపప్పును గుండ్లు, బద్దలుగా ఏరే మనిషి తన పనిని గురించి అలా అనుకోవచ్చు. పక్కన నిలబడి చూసేవారు అంటే అది ఎత్తిపొడుపే అవుతుంది.