రౌటర్ ప్యానెల్‌తో సిగ్నల్ మార్చడం ఎలా? ముందు డెస్టినేషన్, తర్వాతే సోర్స్

ఇక్కడ రౌటర్ అంటే ఇంటర్నెట్ పెట్టె కాదు. టీవీ స్టూడియోలో కెమెరాలు, సర్వర్లు, బయటి ఫీడ్‌లలో (ఇవి సోర్స్‌లు) ఏది ఏ మానిటర్‌కు, ఏ రికార్డర్‌కు (ఇవి డెస్టినేషన్‌లు) వెళ్లాలో కలిపే స్విచింగ్ యంత్రం. దాన్ని నడిపే బటన్ల పలకే కంట్రోల్ ప్యానెల్.

మోడ్‌లు పెద్ద విషయమేమీ కాదు. సింగిల్ బస్ మోడ్‌లో ప్యానెల్ ఒకే డెస్టినేషన్‌కు కట్టుబడి ఉంటుంది, బటన్లన్నీ సోర్స్‌లే. ఎక్స్-వై మోడ్‌లో కావలసిన డెస్టినేషన్‌ను మీరే ఎంచుకుంటారు. మల్టీ డెస్టినేషన్ మోడ్‌లో ఒకే సోర్స్‌ను అనేక చోట్లకు ఒక్కసారిగా పంపవచ్చు. బటన్ నొక్కగానే సిగ్నల్ మారిపోయే అమరిక కూడా ఉంటుంది. ప్రసారంలో ఉన్న గదిలో దాన్ని వాడకూడదు. టేక్ బటన్ (ఎంచుకున్న మార్పును అమలు చేసేది) ఉన్న ఎక్స్-వై మోడే సరైనది: పొరపాటున వేలు తగిలినా టేక్ నొక్కేదాకా ఏమీ మారదు.

పని మొదలుపెట్టేది ఎప్పుడూ డెస్టినేషన్‌తోనే. దాన్ని ఎంచుకోగానే ఇప్పుడు అక్కడికి ఏ సోర్స్ వెళ్తోందో డిస్‌ప్లేలో కనిపిస్తుంది. అది చదవండి. ఆ తర్వాత కొత్త సోర్స్ నొక్కితే అది ప్రీసెట్‌లో, అంటే టేక్ కోసం వేచి ఉండే ఎంపికగా, నిలుస్తుంది. డెస్టినేషన్ పేరు మరోసారి చూసుకుని టేక్ నొక్కండి. సోర్స్‌లన్నీ ఒకే రెఫరెన్స్‌కు (ఉమ్మడి టైమింగ్ సిగ్నల్‌కు) లాక్ అయి ఉంటే మార్పు వర్టికల్ ఇంటర్వల్‌లో, అంటే బొమ్మకూ బొమ్మకూ మధ్య కనిపించని ఖాళీలో, 1080 వీడియోలో 7వ లైన్ దగ్గర, శుభ్రంగా జరుగుతుంది. లేకపోతే బొమ్మ ఒక్కసారి ఎగురుతుంది. అది ప్యానెల్ తప్పు కాదు.

అసలు చిక్కు బ్రేక్‌అవేలో ఉంది, అంటే బొమ్మ ఒక సోర్స్ నుంచి, ధ్వని మరో సోర్స్ నుంచి తీసుకోవడం. ఆడియోకు రౌటర్‌లో వేరే లెవెల్ (వీడియో, ఆడియోలను విడివిడిగా మార్చే పొర) ఉంటేనే ఇది కుదురుతుంది. ఎస్‌డీఐలో (స్టూడియో డిజిటల్ వీడియో సిగ్నల్‌లో) ఎంబెడ్ అయిన, అంటే లోపలే కలిసి ఉన్న, ఆడియో మామూలుగా బొమ్మ వెంటే వెళ్తుంది.

మూడో కెమెరా బొమ్మ ఉంచి ధ్వని మాత్రం సర్వర్ నుంచి కావాలనుకుందాం. డెస్టినేషన్ ఎంచుకోండి. వీడియో లెవెల్ బటన్ ఆర్పి, ఆడియో లెవెల్ మాత్రమే వెలిగి ఉండేలా చూడండి. సర్వర్ నొక్కి టేక్ చేయండి. ఇంతవరకు ఎవరైనా చేస్తారు, చెడగొట్టేది ఆ తర్వాతే.

లెవెల్ బటన్లన్నీ మళ్లీ వెలిగించినంత మాత్రాన బ్రేక్‌అవే పోదు. క్రాస్‌పాయింట్లు, అంటే సోర్స్‌ను డెస్టినేషన్‌కు కలిపే కనెక్షన్లు, ఉన్నచోటే ఉంటాయి. అన్ని లెవెల్స్‌తో ఒక సోర్స్‌ను టేక్ చేస్తేనే బొమ్మ, ధ్వని తిరిగి కలుస్తాయి. మరో ప్రమాదం: చాలా ప్యానెళ్లలో ప్రీసెట్‌లో సర్వర్ ఇంకా అలాగే నిలిచి ఉంటుంది. లెవెల్స్ వెలిగించి "సరిచేద్దాం" అని టేక్ నొక్కితే బొమ్మ కూడా సర్వర్‌కు దూకేస్తుంది. అందుకే బ్రేక్‌అవే టేక్ అవగానే ప్రీసెట్‌ను ఖాళీ చేసే క్లియర్ నొక్కాలి, లెవెల్స్ వెలిగించడం ఆ తర్వాతే.

లెవెల్స్ వెలిగించకుండా వదిలేస్తే బాధ తర్వాతి ఆపరేటర్‌ది. సోర్స్ మారుస్తారు, బొమ్మ కదలదు, ప్యానెల్ చెడిందనుకుని టేక్‌ను పదిసార్లు నొక్కుతారు. మొదటి టేక్‌కే ధ్వని మాత్రం మారిపోయి ఉంటుంది. మల్టీవ్యూయర్‌లో (అనేక బొమ్మలను ఒకే తెరపై చూపేది) బొమ్మ మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. బ్రేక్‌అవే తర్వాత ఆడియో మీటర్ చూడటం చాలదు, హెడ్‌ఫోన్‌లో వినాలి. మీటర్ స్థాయి చూపుతుంది, ఎవరి ధ్వనో చెప్పదు.

ప్రసారంలో ఉన్న డెస్టినేషన్‌కు ప్రొటెక్ట్ పెట్టండి. లాక్ పెడితే సాధారణంగా పెట్టినవారు కూడా విప్పేదాకా మార్చలేరు. ప్రొటెక్ట్ పెట్టిన ప్యానెల్ మాత్రం మార్చగలదు, మిగతావి ఆగిపోతాయి. కొన్ని వ్యవస్థల్లో ఇవి కూడా లెవెల్ వారీగానే పడతాయి. అందుకే అన్ని లెవెల్స్ వెలిగి ఉన్నప్పుడే పెట్టాలి.

అనేక మార్పులను ఒకే బటన్‌తో చేసే సాల్వో నడిపే ముందు ఈ లాక్‌లు చూసుకోండి. లాక్‌లో ఉన్న డెస్టినేషన్ మారదు, మిగతావి మారిపోయి సగం పనే అవుతుంది. ప్యానెల్ తుడిచేటప్పుడు డెస్టినేషన్ లాక్ కాదు, బటన్లు పనిచేయకుండా ఆపే ప్యానెల్ లాక్ వేయండి.