మేత ముట్టని కోడె మళ్లీ తినసాగింది ఇలా

టెక్సాస్‌లో మా అమ్మాయి పిల్లలకు పశుపోషణ లాంటివి నేర్పే ఫోర్-హెచ్ క్లబ్బు తరఫున, పశువుల ప్రదర్శన కోసం విత్తులు కొట్టిన కోడెను పెంచుతోంది. జూలై ఎండలు ముదిరేసరికి అది పగలంతా తొట్టి ముట్టదు, చల్లబడ్డాక దాణా అంతా ఒక్కసారిగా మింగేస్తుంది. మర్నాడు పేడ బూడిద రంగులో, నీళ్లగా, పైన బుడగలతో. మధ్యలో అరగని మొక్కజొన్న గింజలు. పడుకున్నా నెమరు వేయడం లేదు. పొట్టలో పులుపు పెరిగిందన్నమాట.

టానిక్కుల సలహాలకు కొదవ లేదు. ఒక్కటీ కొనలేదు. పశువైద్యుడు చూసి వేరే జబ్బు లేదన్నాక దాణా సగానికి తగ్గించాం. ముందు ఎండుగడ్డి, అది బాగా నమిలాకే దాణా. నమిలేకొద్దీ ఊరే లాలాజలమే పులుపును విరుస్తుంది. దాణాలో కొంచెం వంటసోడా కూడా కలిపాం. మేత వేళలు తెల్లవారకముందు, చీకటి పడ్డాక. పగలు నీడన ఫ్యాను. నీళ్ల తొట్టి రోజూ కడగడం అమ్మాయి వంతు (గొణుగుడంతా దీనికే).

పేడ గట్టిపడ్డాక దాణా మెల్లగా పెంచాం, డబ్బాతో కొలిచి కాదు, కాటా వేసి. ఓట్స్ డబ్బా, మొక్కజొన్న డబ్బా ఒకే బరువు తూగవు. ఒంటి బరువులో సుమారు 2 శాతం, అంటే 1,000 పౌండ్ల కోడెకు రోజుకు 20 పౌండ్లు, రెండు పూటలుగా. ఇప్పుడు తొట్టి నాకేస్తోంది. తగ్గిన బరువు మాత్రం ఇంకా పూర్తిగా పూడలేదు.