హైదరాబాద్‌లోనే ఉండి హద్రమౌత్‌ను తెలుసుకోవడం ఎలా?

యెమెన్ దక్షిణ తీరంలోని హద్రమౌత్ ప్రాంతానికి ఇప్పట్లో వెళ్లడం కష్టం. యుద్ధం కారణంగా భారత ప్రభుత్వం తన పౌరుల యెమెన్ ప్రయాణాన్ని 2017లో నిషేధించింది. అయితే ఆ నేలతో తరతరాల సంబంధమున్న బార్కస్ బస్తీ మన చాంద్రాయణగుట్ట దగ్గరే ఉంది. అక్కడికి వెళ్లేముందు మాత్రం ఒక పూట పటం ముందు కూర్చోవాలి.

పటంలో మొదట ముకల్లా, షిహ్ర్ రేవులను గుర్తించండి. వాటి వెనుక ఎండిన రాతి పీఠభూమి, దానిని దాటితే తీరానికి దాదాపు సమాంతరంగా సాగే హద్రమౌత్ లోయ కనిపిస్తాయి. ఎప్పుడో కురిసే వానల వరదను పొలాలకు మళ్లించి అక్కడివారు ఖర్జూరం, ధాన్యం పండిస్తారు, లోయ మట్టితోనే ఇటుకలు పోస్తారు. షిబామ్ పట్టణంలోని బహుళ అంతస్తుల మట్టి ఇళ్ల ఫొటోలు చూసేటప్పుడు పైభాగాన తెల్లని సున్నపు పూతను గమనించండి. గోడలను వానకు కరగనీయకుండా కాపాడేది అదే. 1982లో యునెస్కో గుర్తింపు పొందిన ఆ పట్టణాన్ని 2008 వరదలు దెబ్బతీశాయి.

లోయలో పండేది అందరికీ చాలదు కనుక హద్రమీలు, అంటే హద్రమౌత్ వాసులు, జావాకు, తూర్పు ఆఫ్రికాకు, మన దక్కనుకు ఓడలెక్కారు. చరిత్రలో ఎక్కువసేపు ఆగవలసింది ఇక్కడే. 19వ శతాబ్దంలో నిజాం కొలువులో జమాదారులుగా, అంటే సైనిక దళాల నాయకులుగా, ఎదిగిన ఖుఐతీ, కథీరీ వంశీకులు హైదరాబాద్‌లో గడించిన ధనంతో స్వదేశంలో ఒకరిపై ఒకరు యుద్ధాలు నడిపారు. 1881లో ముకల్లా ఖుఐతీల వశమైంది, వారి రాజ్యం 1967 వరకు నిలిచింది. మన చరిత్ర రచనల్లో అరబ్బులు తరచుగా కాపలా సిపాయిలుగానే కనిపించడం, నా దృష్టిలో, సగం కథే.

ఇక బార్కస్‌కు ఉదయాన్నే, గోధుమలు, మాంసం కలిపి వండే హరీస్ అయిపోకముందే చేరుకోండి. దుకాణాల బోర్డులపై ‘బా’తో మొదలయ్యే ఇంటిపేర్లు హద్రమీ కుటుంబాలకు గుర్తు. పెద్దవారికి సలాం చెప్పి, పూర్వీకులది ఏ ఊరని ఉర్దూలో అడగండి. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం వద్దు, అడగకుండా ఫొటోలూ వద్దు. మాంసం, అన్నం కలిసిన మండీ అనే వంటకాన్ని చివరన తినండి. సంప్రదాయ పద్ధతిలో దీనిని నిప్పుల గుంతలో వండుతారు. పైన మగ్గే మాంసం కొవ్వు కింది అన్నంలోకి దిగుతుంది. కారం తక్కువ కనుక దీనిని బిర్యానీతో పోల్చకండి, నలుగురు కలిసి ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని తినండి.