ఏరియల్ ఫోటో మ్యాప్ మీద సరిగ్గా కూర్చోట్లేదా? ముందు చేత్తో జరపకండి

డ్రోన్ ఫోటోనో, విమానం నుంచి తీసిన పాత ఫోటోనో తెచ్చి క్యూజీఐఎస్‌లో (మ్యాపులు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్) వేస్తాం, దాని మీద లోకల్ సర్వే వాళ్ళ ప్లాట్ల లేయర్ వేస్తాం, రెండూ కలవవు. రోడ్డు లైన్ పోయి ఎవరింటి కప్పు మీదో పడుతుంది. అప్పుడు అందరం చేసే మొదటి పని ఫోటోని పట్టుకుని కాస్త ఎడమకి, కాస్త కిందకి లాగడం. నేనూ అదే చేశాను, ఒక మూల చక్కగా కూర్చుంది, హమ్మయ్య అనుకుని అవతలి మూలకి వెళ్ళి చూస్తే ముందుకన్నా ఘోరంగా ఉంది.

అందుకే జరపకండి, కొలవండి. ఫోటోలోనూ మ్యాప్‌లోనూ క్లియర్‌గా కనిపించే నాలుగు చోట్లు, వీలైతే నాలుగు మూలల్లో, పట్టుకుని మెజర్ టూల్‌తో తేడా ఎంత, ఏ దిక్కుకి అని ఒక కాగితం మీద రాసుకోండి. రోగం ఏంటో సగం అక్కడే తెలిసిపోతుంది.

తేడా వేల కిలోమీటర్లుంటే, అంటే ఒక లేయర్ పోయి సముద్రం మధ్యలో చిన్న చుక్కలా తేలితే, నిజానికి అదే అన్నిటికన్నా తేలిక కేసు. డిగ్రీల్లో ఉన్న అంకెల్ని సాఫ్ట్‌వేర్ మీటర్లనుకుని ఉంటుంది. లేయర్ ప్రాపర్టీస్‌లో ఎక్స్‌టెంట్ (లేయర్ అంచుల కోఆర్డినేట్లు) చూడండి, అంకెలు 180 లోపే ఉంటే దాదాపుగా డిగ్రీలు, లక్షల్లో ఉంటే మీటర్లో అడుగులో. అక్షాంశం, రేఖాంశం తారుమారయ్యాయేమో కూడా చూడండి, కొన్ని ఫైళ్ళలో ఇది ముందు, కొన్నిట్లో అది ముందు. తేడా వందల కిలోమీటర్లు, అదీ తూర్పు పడమరల్లోనే ఉంటే యూటీఎం జోన్ తప్పు పెట్టారన్నమాట, యూటీఎం అంటే భూమిని నిలువు పట్టీలుగా కోసి మీటర్లలో కొలిచే పద్ధతి, ఒక్కో పట్టీ ఒక జోన్, 6 డిగ్రీల వెడల్పు, ప్రతి జోన్ మధ్య గీత మీదా ఈస్టింగ్ (తూర్పు పడమరల కొలత) 500000 మీటర్లే కాబట్టి అంకెలు చూసి ఏ జోనో కనిపెట్టలేం.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. సీఆర్ఎస్ అంటే కోఆర్డినేట్ సిస్టమ్, లేయర్‌లోని అంకెలు ఏ పద్ధతిలో ఉన్నాయో చెప్పేది. సెట్ లేయర్ సీఆర్ఎస్ అనేది, రీప్రొజెక్ట్ అనేది రెండూ వేర్వేరు పనులు. మొదటిది డబ్బా మీద చీటీ మార్చడం, లోపల సరుకు అలాగే ఉంటుంది. చీటీ తప్పుగా ఉంటే, లేదా అసలు లేకపోతే మాత్రమే అది వాడాలి. చీటీ సరిగ్గానే ఉండి వేరే సిస్టమ్‌లోకి మార్చాలంటే వెక్టర్‌కి (గీతలు, ప్లాట్ల లాంటి లేయర్లకి) రీప్రొజెక్ట్ లేయర్, ఫోటోకి వార్ప్. మంచి చీటీ పీకేసి ఇంకోటి అంటించి "మార్చేశా" అనుకుంటే తర్వాత ఏది అసలో ఏది నకిలీయో మీకే తెలీదు. షేప్‌ఫైల్‌తో (వెక్టర్ డేటా ఫైల్) పాటు దాని చీటీ అయిన పీఆర్‌జే ఫైల్ రాలేదంటే ఊహించకండి, ఇచ్చినవాళ్ళని అడగండి. ఫోటో పక్కన వచ్చే వరల్డ్ ఫైల్‌ని కూడా నమ్ముకోవద్దు, అందులో ఉండేవి ఆరు లైన్లే, పిక్సెల్ సైజు, తిప్పుడు, పై ఎడమ పిక్సెల్ స్థానం, అంతే, ఏ కోఆర్డినేట్ సిస్టమ్ అన్నది ఉండదు.

తేడా పదుల నుంచి వందల మీటర్లుండి, నాలుగు చోట్లా దాదాపు ఒకే దిక్కుకి ఉంటే డేటమ్ మీద, అంటే కోఆర్డినేట్లకి ఆధారంగా తీసుకున్న భూమి ఆకారం, దాని స్థానం మీద, అనుమానపడండి. జీపీఎస్ డబ్ల్యూజీఎస్ 84 అనే డేటమ్ మీద నడుస్తుంది, పాత లోకల్ మ్యాపులు తమ ప్రాంతానికి సరిపోయేలా వేరే ఎలిప్సాయిడ్ (భూమికి నమూనాగా తీసుకున్న కాస్త నొక్కుకున్న గోళం) మీద కట్టినవి, అందుకే అవే డిగ్రీలు రెండిట్లో రెండు వేర్వేరు చోట్లని చూపిస్తాయి. క్యూజీఐఎస్ ఒక్కోసారి ఏ ట్రాన్స్‌ఫర్మేషన్ (ఒక డేటమ్ నుంచి ఇంకోదానికి మార్చే లెక్క) కావాలని లిస్టు చూపిస్తుంది, మనం చూడకుండా ఓకే కొట్టేస్తాం. ఆగి అక్యూరసీ కాలమ్ చూడండి, మీ ఏరియాకి వర్తించే వాటిలో మీటర్లు తక్కువున్నది ఎంచుకోండి, గ్రిడ్ ఫైల్ (చోటుచోటుకీ సవరణ ఎంతో రాసి ఉండే ఫైల్) కావాలంటే దించుకోండి. మీటరో రెండు మీటర్లో తేడా అయితే అసలు నేలే కదిలి ఉండొచ్చు, జోక్ కాదు, ఆస్ట్రేలియాలో పాత డేటమ్ జీడీఏ 94కి, కొత్తదైన జీడీఏ 2020కి మధ్య తేడా సుమారు 1.8 మీటర్లు, ఖండం జరుగుతూ ఉండటమే కారణం.

ఇవన్నీ సరిచేశాక కూడా తేడా ఒక్కో చోట ఒక్కోలా ఉంటే, లేదా ఫోటో స్కాన్ చేసిన ఉత్త బొమ్మే అయితే, అప్పుడు జియోరెఫరెన్సర్ తెరవండి, ఫోటోలో ఒక చోటుని, మ్యాప్‌లో అదే చోటుని పాయింట్లుగా జతపరిచే టూల్ అది. కొత్త వెర్షన్లలో లేయర్ మెనూలో ఉంటుంది, పాతవాటిలో రాస్టర్ మెనూలో. టార్గెట్ సీఆర్ఎస్‌గా లోకల్ డేటా ఉన్న సిస్టమే పెట్టండి, వెబ్ మెర్కేటర్ (ఆన్‌లైన్ మ్యాపులు వాడే సిస్టమ్) వద్దు, 60 డిగ్రీల అక్షాంశం దగ్గర అందులో పొడవులు రెండింతలవుతాయి.

పాయింట్లు మాత్రం నేల మీదవే తీసుకోండి. రోడ్లు కలిసే చోటు, కల్వర్టు అంచు, గోడ అడుగు భాగం. ఇంటి కప్పు మూల షార్ప్‌గా కనిపిస్తుందని దాని మీద పెట్టొద్దు. 1000 మీటర్ల ఎత్తు నుంచి నిట్టనిలువుగా తీసిన ఫోటోలో 50 మీటర్ల బిల్డింగ్ పైభాగం ఫోటో సెంటర్‌కి 80 మిల్లీమీటర్ల దూరంలో పడితే, అది అసలు చోటు నుంచి 4 మిల్లీమీటర్లు బయటికి వాలి ఉంటుంది. మీ పాయింట్ కూడా దాంతోపాటే వాలుతుంది.

ఫోటోని సరిచేసే లెక్కల్లో ఒకటైన పాలినోమియల్ 1కి మూడు పాయింట్లు చాలు, కానీ మూడే పెడితే ఎర్రర్ సున్నా అని చూపిస్తుంది, అది మెచ్చుకోలు కాదు, తప్పు పట్టడానికి నాలుగోది లేక. థిన్ ప్లేట్ స్ప్లైన్ కూడా అంతే, ప్రతి పాయింట్ గుండా పోయేలా ఫోటోని సాగదీస్తుంది. ఫోటో అంతటా పరుచుకునేలా 12 నుంచి 15 పెట్టండి, ఇంకో నాలుగు వేరేగా దాచుకుని చివర్లో వాటితోనే చెక్ చేయండి. ఒక్క పాయింట్ రెసిడ్యువల్ (సరిచేశాక మిగిలిన తేడా) మాత్రం బాగా పెద్దగా ఉంటే తప్పు క్లిక్ అయ్యుంటుంది, కానీ నంబర్ అందంగా రావాలని వరసగా తీసేసుకుంటూ పోవద్దు.

కొండలున్న ఏరియా అయితే ఎన్ని పాయింట్లు పెట్టినా ఇలా కుదరదు, ఎత్తుల డేటా వాడి ఆర్థోఫోటో (ఎత్తుపల్లాల వల్ల వచ్చే వాలు తీసేసిన ఫోటో) చేయాల్సిందే, డ్రోన్ ఫోటోలు ఒకదాని మీద ఒకటి పడేలా తీసి ఉంటే ఓపెన్‌డ్రోన్‌మ్యాప్ అనే సాఫ్ట్‌వేర్ ఆ పని చేసిపెడుతుంది.

ఎక్కడ ఆపాలి అంటే, లోకల్ మ్యాప్ 1:5000 స్కేల్ కాగితం నుంచి గీసిందైతే కాగితం మీద అర మిల్లీమీటర్ గీత నేల మీద 2.5 మీటర్లు. ఆ మ్యాప్‌తో ఫోటోని 20 సెంటీమీటర్లలోపు కలపాలని రాత్రంతా కూర్చోవడం దండగ. పాయింట్స్ ఫైల్ మాత్రం సేవ్ చేసుకోండి, ఏదైనా తేడా వస్తే మళ్ళీ పదిహేను క్లిక్‌లు కొట్టక్కర్లేదు.