తాబేలు పుపుస ధమని రింగుపై నాడుల, రసాయనాల ప్రభావం కొలిచే పద్ధతి

పుపుస ధమని అంటే గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తం తీసుకెళ్లే నాళం. ఎలుక ధమనికి వాడే ప్రోటోకాల్‌నే తాబేలుకు పెడితే గ్రాఫు వస్తుంది, దాన్ని చదవడంలోనే పప్పులో కాలేస్తాం. ఇక్కడి కొలతలు రెడ్ ఇయర్డ్ స్లైడర్ తాబేలుకు. జంతు నైతిక కమిటీ అనుమతి ముందే తీసుకోవాలి. మన నక్షత్ర తాబేలుకు 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, దాని జోలికి పోవద్దు.

లీటరు ద్రావణానికి సోడియం క్లోరైడ్ 5.55 గ్రా., సోడియం బైకార్బొనేట్ 2.52, పొటాషియం క్లోరైడ్ 0.19, హెప్టాహైడ్రేట్ మెగ్నీషియం సల్ఫేట్ 0.25, నిర్జల సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 0.12, గ్లూకోజ్ 1 గ్రాము. 98 శాతం ఆక్సిజన్, 2 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న గ్యాసును 20 నిమిషాలు పంపాక, డైహైడ్రేట్ కాల్షియం క్లోరైడ్ 0.19 గ్రాములు ఆఖరున కలపాలి. ముందే వేస్తే ద్రావణం తెల్లగా విరుగుతుంది, కాల్షియం అడుగుకు దిగిపోతుంది, రింగు సంకోచం నీరసపడుతుంది. ల్యాబులో ఉన్నది కదా అని 5 శాతం కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ బిగిస్తే పీహెచ్ 7.4కు పడిపోతుంది. 25 డిగ్రీల దగ్గర తాబేలుకు కావలసింది 7.8కి దగ్గరగా. రింగును ముంచి ఉంచే పాత్ర, అంటే బాత్ కూడా 25 డిగ్రీలే, 37 కాదు.

ధమనిని చల్లని ద్రావణంలో శుభ్రం చేసి 2-3 మి.మీ. వెడల్పు రింగులు కోయండి. చుట్టూ ఉన్న పొరను మరీ గీకొద్దు, నాడీ తంతువులు ఉండేది అందులోనే. రెండు స్టీల్ కొక్కేలకు తగిలించి, 15 నిమిషాలకోసారి ద్రావణం మారుస్తూ గంట ఉంచాలి. టెన్షన్‌ను 0.25 గ్రాముల చొప్పున పెంచుతూ, పొటాషియానికి గరిష్ఠ సంకోచం వచ్చిన చోట ఆపండి. 60 మిల్లీమోలార్ పొటాషియం నాడుల కొసలను కూడా రేపుతుంది. అందుకే ఈ పరీక్షలో ఆ నాడుల ప్రభావాన్ని అడ్డుకునే మందులు అట్రోపిన్, ఫెంటోలమైన్ ఒక్కొక్కటి 1 మైక్రోమోలార్ ఉండాలి, తర్వాత బాగా కడగాలి.

10 మి.లీ. బాత్‌లో 0.1 మి.లీ. మందు వేస్తే గాఢత నూరో వంతుకు దిగుతుంది. నాడులు విడుదల చేసే రసాయనమైన ఎసిటైల్‌కోలిన్‌ను 10 నానోమోలార్ నుంచి మొదలుపెట్టి ఒక్కో మెట్టుకు మూడింతలు చేస్తూ పోండి. ఎలుక బృహద్ధమని దీనికి సడలుతుంది, సడలకపోతే ఎండోథీలియం, అంటే ధమని లోపలి పొర, పోయిందని లెక్క. ఆ లెక్క ఇక్కడ చెల్లదు: తాబేలు పుపుస ధమనిని ఎసిటైల్‌కోలిన్ బిగిస్తుంది, అట్రోపిన్ దాన్ని ఆపుతుంది. కండరానికి సడలే శక్తి ఉందో లేదో కండరాన్ని నేరుగా సడలించే సోడియం నైట్రోప్రుసైడ్ 10 మైక్రోమోలార్‌తో చూడండి, ఎండోథీలియం సంగతి సూక్ష్మదర్శిని కిందే తేల్చుకోవాలి. అడ్రినలిన్ కూడా పరీక్షిస్తే, దాని సీసాలో గులాబీ రంగు కనిపిస్తే పారబోయండి.

నాడుల పరీక్షకు 0.3 మిల్లీసెకన్ల విద్యుత్ పల్సులు, 1 నుంచి 16 హెర్ట్జ్, 10 సెకన్లు, మధ్యలో 5 నిమిషాల విరామం. సోడియం ఛానెళ్లను మూసి నాడీ సంకేతాలను ఆపే విషం టెట్రోడోటాక్సిన్ 1 మైక్రోమోలార్‌కు ప్రతిస్పందన ఆగితే అది నాడిదే. ఆగకపోతే పల్సు కండరాన్ని నేరుగా తాకుతోంది, పల్సు వెడల్పు (నిడివి) తగ్గించండి. ఇదే పరీక్ష అమెరికా గార్టర్ పాములపై చేసేవారు జాగ్రత్త: ఇదే విషం ఉన్న న్యూట్లను (బల్లిలా కనిపించే ఉభయచరాలను) తినే వాటిలో సోడియం ఛానెళ్లే ఈ విషానికి లొంగవు, కాబట్టి ప్రతిస్పందన ఆగకపోయినా అది నాడిదే కావచ్చు.