కంట్లో రక్తపు మరక: రక్త క్యాన్సర్ అనుమానం ఎప్పుడు పెట్టుకోవాలి, ముందు ఏ పరీక్ష చేయించాలి

పొద్దున అద్దంలో చూసుకుంటే తెల్లగుడ్డు మీద ఎర్రగా రక్తం పరుచుకుని ఉంటుంది. నొప్పి లేదు, పుసి లేదు, చూపు బాగానే ఉంది. చాలామందిలో ఇది గట్టిగా దగ్గినా తుమ్మినా, బరువెత్తినా, బీపీ పెరిగినా, ఆస్పిరిన్ లాంటి రక్తం పలచబడే మందులు వాడుతున్నా వస్తుంది. వారం పది రోజుల్లో పసుపు రంగుకు తిరిగి దానంతటదే పోతుంది. బీపీ చూపించుకుంటే చాలు, చుక్కల మందు అక్కర్లేదు.

అదే మరక నెలలో రెండోసారి వచ్చినా, రెండు కళ్లలో ఒకేసారి వచ్చినా, చిగుళ్ల నుంచి రక్తం, కాళ్ల మీద కమిలిన మచ్చలు తోడైనా లెక్క మారుతుంది. అప్పుడు చూడాల్సింది కంటిని కాదు, రక్తాన్ని.

రక్త క్యాన్సర్‌లో, ముఖ్యంగా లుకేమియాలో, ఎముక మజ్జ నిండా పనికిరాని కణాలు పేరుకుంటాయి. ఎర్రకణాలకు, ప్లేట్‌లెట్లకు చోటుండదు. ప్లేట్‌లెట్లు తగ్గితే సన్నటి రక్తనాళాలు కారతాయి. హిమోగ్లోబిన్ పడిపోతే కంటి లోపలి తెర అయిన రెటీనాకు ఆక్సిజన్ అందదు. తెల్లకణాలు లక్ష దాటితే రక్తం చిక్కబడి రక్తనాళాల్లో మెల్లగా కదులుతుంది. రెటీనాలో చూపుకి కీలకమైన నడి భాగంలో చిన్న రక్తపు చుక్క పడినా ఆ కంటికి మసక వస్తుంది. పక్కన ఎక్కడో పడితే మనిషికి తెలియనే తెలియదు. అందుకే చూపు బాగుందన్న ధైర్యం ఒక్కటీ చాలదు.

ఇంట్లో ఐదు నిమిషాలు

పగటి వెలుగులో కిటికీ దగ్గర నిలబడండి. ట్యూబులైటు కింద అందరి రెప్పలూ పాలిపోయినట్టే కనిపిస్తాయి. చేతులు కడుక్కుని, పైకి చూస్తూ కింది రెప్పను బొటనవేలితో కిందికి లాగండి. వెంట్రుకల పక్కనుండే అంచు మామూలుగా ఎర్రగా, లోపలి భాగం కాస్త లేతగా ఉంటుంది. రెండూ ఒకే తెలుపులో కలిసిపోయి ఉంటే రక్తం బాగా తగ్గినట్టు. ఇంట్లో ఇంకొకరి రెప్పతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. మన దగ్గర రక్తహీనతకు ఎక్కువగా ఐరన్ లోపమే కారణం, పాలిపోయిన రెప్ప కనబడగానే క్యాన్సర్ అనుకోనక్కర్లేదు. రెప్ప ఎర్రగానే ఉంది కదా అని కొద్దిపాటి రక్తహీనత లేదనీ చెప్పలేం.

తర్వాత గోడ క్యాలెండరు. అద్దాలు వాడేవాళ్లు పెట్టుకునే, ఒక కన్ను అరచేత్తో మూసి గళ్ల మధ్యలో ఒక తేదీని చూడండి. గీతలు వంకరపోయాయా, ఏదైనా అంకె మీద నల్లటి మచ్చ అడ్డొచ్చిందా? రెండో కంటితోనూ అంతే. రెండు కళ్లూ తెరిచి చూస్తే మంచి కన్ను చెడ్డదాని లోటు కప్పేస్తుంది, అందుకే విడివిడిగా చూడాలి.

చివరగా లుంగీయో చీరో పైకి తీసి పిక్కల ముందు భాగం చూడండి. గుండుసూది తల అంత ఎర్రచుక్కలుంటే గాజుగ్లాసు అడుగుతో నొక్కండి. దోమకాటు ఎర్రదనం నొక్కినప్పుడు పోతుంది. చర్మం కింద కారిన రక్తం పోదు.

పిల్లల్లో ఒక కన్ను ముందుకు ఉబికి రావడం, దెబ్బ తగలకుండానే కంటి చుట్టూ నల్లగా కమలడం, నల్లగుడ్డు కింది భాగంలో రక్తమో చీములాంటి తెల్లటి పొరో నిలవడం: వీటిలో ఏది కనబడినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కారణం ఇన్‌ఫెక్షన్ కావచ్చు, వేరే కణితి కావచ్చు, లుకేమియా కావచ్చు. దేనికైనా ఆలస్యం పనికిరాదు. ఫ్లాష్ ఫొటోలో కనుపాప తెల్లగా మెరవడం పిల్లల కంట్లో వచ్చే క్యాన్సర్ రెటినోబ్లాస్టోమా గుర్తు. అది రక్త క్యాన్సర్ కాదు గానీ అదీ అంతే అర్జెంటు.

యాభై అరవై దాటినవాళ్లలో ఇంకో రకం ఉంది. కళ్ల ముందు దుమ్ము తేలినట్టు, మసక. కంటి లోపలి వాపు అని స్టెరాయిడ్ ఇస్తారు, కొంచెం తగ్గుతుంది, మానేయగానే మళ్లీ వస్తుంది. ఇలా రెండు మూడు సార్లు తిరగబెడితే కంటి లింఫోమా (కంటి లోపల వచ్చే తెల్లకణాల క్యాన్సర్) సంగతి డాక్టరును అడగాలి. దీన్ని సీబీపీ, అంటే రక్తకణాలను లెక్కపెట్టే పరీక్ష, పట్టుకోలేదు. కంటి లోపలి ద్రవం తీసి పరీక్షించాలి, మెదడుకు ఎంఆర్ఐ తీయాలి.

సీబీపీ ఎలా చదవాలి

కంటిలో మరకో మసకో ఉండి, జ్వరం, నీరసం, చిగుళ్ల రక్తం కూడా ఉంటే ముందు సీబీపీ, దానితోపాటు పెరిఫెరల్ స్మియర్ (రక్తపు చుక్కను గాజుపలక మీద పరిచి మైక్రోస్కోపులో చూడటం). ప్రైవేటు ల్యాబులో కొన్ని వందల రూపాయల పని. తెలంగాణలో పీహెచ్‌సీలో ఇచ్చిన శాంపిల్‌కు టీ-డయాగ్నస్టిక్స్ ద్వారా ఉచితంగా చేస్తారు.

ప్లేట్‌లెట్లు 1.5 లక్షల నుంచి 4.5 లక్షలు, తెల్లకణాలు 4,000 నుంచి 11,000 మామూలు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. తెల్లకణాలు 6,000 ఉన్నాయి కాబట్టి క్యాన్సర్ లేదనుకుంటారు. కొన్ని లుకేమియాల్లో మొత్తం సంఖ్య మామూలుగానో, ఇంకా తక్కువగానో ఉంటుంది. మెషిన్ కూడా బ్లాస్ట్ కణాలను, అంటే ఎదగని తెల్లకణాలను, లింఫోసైట్లు, మోనోసైట్లు అనే మామూలు తెల్లకణాలుగా లెక్కేసే అవకాశముంది. స్మియర్‌ను పాథాలజిస్టు కళ్లతో చూశారా అని ల్యాబులో గట్టిగా అడగండి. హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు మూడింటిలో రెండు తేడాగా ఉంటే రక్త వ్యాధుల డాక్టరు హెమటాలజిస్టును కలవాలి. తెల్లకణాలు లక్ష దాటినా, ప్లేట్‌లెట్లు 20,000 లోపు పడి రక్తం కారుతున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

వానాకాలంలో డెంగ్యూ కూడా ప్లేట్‌లెట్లు పడేసి కంట్లో రక్తం తెప్పిస్తుంది. డెంగ్యూలో జ్వరం తగ్గాక కొద్దిరోజుల్లో ప్లేట్‌లెట్లు తిరిగి లేస్తాయి. లేవకపోతే వదలకండి.

రిపోర్టు రాకముందు చేయకూడనివి కొన్ని ఉన్నాయి. ఆర్ఎంపీ దగ్గర డెక్సా లాంటి స్టెరాయిడ్ తీసుకుంటే కొన్ని లుకేమియాలు, లింఫోమాలు తాత్కాలికంగా అణిగి, పరీక్షల్లో దొరక్కుండా పోతాయి. ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడు కండకు ఇంజెక్షన్ చేయించుకుంటే లోపల రక్తం గడ్డకడుతుంది. ఆస్పిరిన్, బ్రూఫెన్ కూడా వద్దు. జ్వరానికి పారాసిటమాల్ వాడండి. కంట్లో ఆముదం, పసరు, తల్లిపాలు పోయకండి.

కంటి ఆసుపత్రిలో

చుక్కలు వేసి కనుపాప పెద్దది చేసి రెటీనా చూడమని అడగండి. అరగంట పడుతుంది, తర్వాత కొన్ని గంటలు దగ్గరి చూపు మసక. బండి నడపలేరు, తోడు తీసుకెళ్లండి. మధ్యలో తెల్లగా ఉండే రక్తపు మచ్చలను రాత్ స్పాట్స్ అంటారు. షుగర్‌లోనూ, గుండె కవాటాల ఇన్‌ఫెక్షన్‌లోనూ అవే కనబడతాయి కాబట్టి ఆ మాట వినగానే కుంగిపోకండి, సీబీపీ చేతిలో పెట్టండి. హైదరాబాద్‌లో మెహదీపట్నం సరోజినీ దేవి, విశాఖలో ప్రాంతీయ కంటి ఆసుపత్రి ప్రభుత్వానివి. లుకేమియా తేలితే చికిత్సకు రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే, పంజాగుట్టలో నిమ్స్, విశాఖ దగ్గర అగనంపూడిలో హోమీ భాభా ఉన్నాయి. ఆరోగ్యశ్రీ, ఏపీలో ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తాయేమో చేరేముందే అడగండి.

ఇలా రెటీనాలో పడ్డ రక్తానికి సాధారణంగా లేజర్ అవసరం ఉండదు. కీమోతో కణాల సంఖ్య దారికొచ్చాక మచ్చలు వారాల్లో, నెలల్లో వాటంతటవే కరుగుతాయి. ఆ వ్యవధిలో కళ్లు నులుముకోవద్దు, తల దించి బరువులు ఎత్తవద్దు.