స్క్రిప్టుతో స్క్రీన్‌షాట్లు – 5వ పాఠం: ఎరుపు నీలమైపోతే

పైథాన్ స్క్రిప్టుతో తెరను బొమ్మగా తీసే ఈ పాఠాల్లో, పోయినసారి ఇచ్చిన అభ్యాసం చేసినవాళ్ళలో చాలామందికి రంగులు తారుమారయ్యాయి. ఎర్ర బటన్ నీలంగా, పసుపు పట్టీ లేత నీలంగా వచ్చిందని రాశారు. అందులో నా పొరపాటూ ఉంది. నేను చూపించిన ఉదాహరణ తెల్ల తెర మీద నల్ల అక్షరాలు. ప్రతి పిక్సెల్‌కీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు విలువలుంటాయి; తెలుపు, నలుపు, బూడిద రంగుల్లో ఆ మూడూ సమానం కాబట్టి వాటి వరస మారినా కంటికి తెలియదు. అందుకే టైమర్ పాఠం వచ్చేసారికి వాయిదా వేస్తున్నాను.

పిల్లో అనే బొమ్మల లైబ్రరీలో తెరను బొమ్మగా తీసే ఇమేజ్‌గ్రాబ్ ప్రతి పిక్సెల్‌ను ఎరుపుతో మొదలుపెట్టి ఇస్తుంది. ఓపెన్‌సీవీ అనే ఇంకో బొమ్మల లైబ్రరీ నీలంతో మొదలవుతుందనుకుని చదువుతుంది. ఇమేజ్‌గ్రాబ్‌తో తీసిన దాన్ని అరేగా (అంకెల పట్టికగా) మార్చి, వరస మార్చకుండా ఇమ్‌రైట్‌కి (ఓపెన్‌సీవీలో బొమ్మను ఫైల్‌గా దాచే ఫంక్షన్) ఇస్తే ఎరుపు (255, 0, 0) కాస్తా నీలం (0, 0, 255) అయిపోతుంది. ఆకుపచ్చ మధ్యలో ఉంటుంది కాబట్టి కదలదు. నేనైతే స్క్రీన్‌షాట్లు తీసే ఎంఎస్ఎస్ అనే లైబ్రరీతోనే తీస్తాను. అది కూడా నీలంతో మొదలై, నాలుగో విలువగా ఆల్ఫా (పారదర్శకత) ఇస్తుంది. దాన్ని నంపై (అంకెల పట్టికల లైబ్రరీ) అరేగా మార్చి, [:, :, :3] అని ఆల్ఫా తీసేస్తే ఓపెన్‌సీవీకి మార్పిడే అక్కర్లేదు.

ఇక అసలు చిక్కు. రంగు తేడాగా కనిపించగానే సీవీటీకలర్ (ఓపెన్‌సీవీలో రంగుల వరస మార్చే ఫంక్షన్) ఒకటి తగిలిస్తారు. ఇంకోచోట తేడా వస్తే అక్కడ ఇంకోటి. రెండుసార్లు తిప్పితే మళ్ళీ మొదటికే వస్తుంది. నాకు వచ్చిన ఒక స్క్రిప్టులో ఇది మూడుచోట్ల ఉంది. దయచేసి అలా చేయొద్దు. మార్పిడి ఒక్కచోటే, బొమ్మ తీసిన వెంటనే ఉండాలి.

ఇంత అయోమయం ఎందుకంటే, సరిచూసుకునే పద్ధతిలోనే లోపం ఉంది. ఇమేజ్‌గ్రాబ్ అరేని ఇమ్‌రైట్‌తో పీఎన్‌జీగా దాచారనుకోండి. ఫైల్లో రంగులు అప్పటికే తిరగబడ్డాయి. దాన్నే ఓపెన్‌సీవీలో ఫైల్ చదివే ఇమ్‌రీడ్‌తో చదివితే, రాసేటప్పుడు తిరగబడ్డ వరస చదివేటప్పుడు మళ్ళీ తిరగబడి, మీరిచ్చిన అంకెలే చేతికొస్తాయి. బొమ్మలు, గ్రాఫులు చూపించే మ్యాట్‌ప్లాట్‌లిబ్ లైబ్రరీలో చూపిస్తే అది ఎరుపు ముందనుకుంటుంది కాబట్టి బొమ్మ చక్కగా కనిపిస్తుంది. "అంతా బాగుంది" అనుకుని ఫైల్ పంపిస్తారు. అవతలివాళ్ళు తెరిస్తే ఎర్ర బటన్ నీలంగా ఉంటుంది. ఫైల్‌ని రాసిన లైబ్రరీతో కాకుండా, ఫోన్ గ్యాలరీలోనో బ్రౌజర్‌లోనో తెరిచి చూడండి.

ఎర్ర అక్షరాల అంచులు మసకబారాయన్నవాళ్ళు జేపీజీలో దాస్తున్నారు. పిల్లో మామూలుగా జేపీజీ దాచేటప్పుడు 2×2 పిక్సెళ్ళకు కలిపి ఒకే రంగు సమాచారం ఉంచుతుంది. క్వాలిటీ 95 పెట్టినా అది మారదు. పీఎన్‌జీ వాడండి. విండోస్‌లో నైట్ లైట్ వల్ల తెర పసుపుగా, స్క్రీన్‌షాట్ మామూలుగా ఉంటే మాత్రం టెన్షన్ పడక్కర్లేదు, స్క్రిప్టు బాగానే ఉంది.

అభ్యాసం: పెయింట్‌లో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, బూడిద చతురస్రాలు గీసి తెర మీద ఉంచండి. ఇమేజ్‌గ్రాబ్‌తో ఒకసారి, ఎంఎస్ఎస్‌తో ఒకసారి తీయండి. ఒక్కోదాన్ని పిల్లోతోనూ ఓపెన్‌సీవీతోనూ దాచితే నాలుగు ఫైళ్ళు. రంగుల వరస మార్పిడి ఒక్కటి కూడా పెట్టొద్దు. ప్రతి ఫైల్లో ప్రతి చతురస్రం ఏ రంగులో వస్తుందో ముందే కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే స్క్రిప్టు నడపండి. పదహారులో ఎన్ని కలిశాయో, ముఖ్యంగా ఏవి కలవలేదో నాకు రాయండి.